రీస్టార్ట్ కంటే ముందు: సిస్కో క్యాటలిస్ట్ స్విచ్ నిర్వహణ, డీబగ్ కమాండ్లకు సమగ్ర మార్గదర్శి

"నెట్ రావడం లేదు" అని ఫోను రాగానే చాలా ఆఫీసుల్లో ముందుగా జరిగే పని స్విచ్ (కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే నెట్‌వర్క్ పెట్టె) ప్లగ్గు పీకి మళ్లీ పెట్టడం. దానితో ఒక్కోసారి నెట్ వచ్చేస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. ఏ పోర్టులో ఎర్రర్లు పెరిగాయి, ఏ లింకు పడిలేచింది, ఏ మ్యాక్ అడ్రస్ (ప్రతి యంత్రపు నెట్‌వర్క్ కార్డుకు ఉండే గుర్తింపు సంఖ్య) ఎటు గెంతింది అన్న వివరాలన్నీ స్విచ్ మెమరీలో ఉంటాయి. కరెంటు తీయగానే అవి చెరిగిపోతాయి. లోపం మాత్రం అలాగే ఉండి, కొన్నాళ్లకు మళ్లీ బయటపడుతుంది. అప్పుడు కూడా మన చేతిలో ఆధారమేమీ ఉండదు.

అందుకే ఈ మార్గదర్శిలో కమాండ్లను వరుస ప్రకారం ఇస్తున్నాను: ముందు చదవడం, తరువాత కొలవడం, ఆ పైన మార్చడం, అన్నిటికన్నా చివర డీబగ్ (స్విచ్ లోపల జరిగేదాన్ని ఎప్పటికప్పుడు సందేశాలుగా చూపించే కమాండ్లు). ఉదాహరణలన్నీ సిస్కో క్యాటలిస్ట్ 2960, 3850, 9200, 9300 వంటి ఐఓఎస్, ఐఓఎస్ ఎక్స్‌ఈ (సిస్కో స్విచ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్లు) స్విచ్‌లవి. మోడల్‌ను బట్టి ఒకటి రెండు కమాండ్లలో తేడా ఉండవచ్చు. సందేహం వస్తే కమాండు మధ్యలో ప్రశ్నార్థకం కొట్టండి, తరువాత ఏ పదం రావచ్చో స్విచ్చే చూపిస్తుంది. ఇక్కడ కమాండ్లను తెలుగు లిపిలో రాశాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో, హైఫన్ ఉన్నచోట హైఫన్‌తో కొట్టాలి.

లోపలికి వెళ్లడం

నెట్‌వర్క్ బాగున్నప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) సరిపోతుంది. నెట్‌వర్క్ పడిపోయినప్పుడు ఆ దారి కూడా మూసుకుపోతుంది కాబట్టి కన్సోల్ కేబుల్ (ల్యాప్‌టాప్‌ను నేరుగా స్విచ్‌కు కలిపేది) ఒకటి ఎప్పుడూ దగ్గర ఉండాలి. పుట్టీ వంటి టెర్మినల్ ప్రోగ్రామ్‌లో వేగం 9600, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1 అని పెట్టండి. 'ఎనేబుల్' కొట్టి పాస్‌వర్డ్ ఇచ్చాక ప్రాంప్ట్ చివర # గుర్తు వస్తుంది. ఈ వ్యాసంలోని షో కమాండ్లన్నీ అక్కడే నడుస్తాయి. కాన్ఫిగరేషన్ మోడ్‌లో ఉండి షో కమాండు కావాలంటే ముందు 'డూ' చేర్చండి.

పని మొదలుపెట్టే ముందు టెర్మినల్ ప్రోగ్రామ్‌లో సెషన్ లాగింగ్ ఆన్ చేసి, ఈ రెండు కొట్టండి:

టెర్మినల్ లెంగ్త్ 0
షో క్లాక్

మొదటిది పేజీ పేజీకీ ఆగకుండా మొత్తం అవుట్‌పుట్‌ను ఒకేసారి ఇస్తుంది. రెండోది చాలామంది పట్టించుకోనిది. గడియారం తప్పుగా ఉంటే లాగ్‌లోని సమయాలను సర్వర్ లాగ్‌తోనో, ఫోను వచ్చిన సమయంతోనో పోల్చలేరు. 'ఎన్‌టీపీ సర్వర్' కమాండుతో టైమ్ సర్వర్‌ను, 'సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్' కమాండుతో లాగ్‌లో తేదీ, సమయాలను పెట్టుకోవడం ఏ స్విచ్‌కైనా మొదటి రోజే చేయాల్సిన పని.

మొదటి చూపు

'షో వెర్షన్' సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో పాటు స్విచ్ ఎంతకాలంగా నడుస్తోందో, కిందటిసారి ఎందుకు ఆగిందో కూడా చెబుతుంది. ఎవరూ ముట్టుకోలేదని అందరూ చెబుతున్న స్విచ్‌లో అప్‌టైమ్ 40 నిమిషాలే ఉంటే, ఆగిన కారణం 'పవర్-ఆన్' అని ఉంటే, మీరు చూడాల్సింది నెట్‌వర్క్‌ను కాదు, యూపీఎస్‌ను.

తరువాత 'షో ఎన్విరాన్‌మెంట్ ఆల్'. ఫ్యాన్లు, పవర్ సప్లై, ఉష్ణోగ్రత మూడూ ఇందులో కనిపిస్తాయి. మెట్ల కింద గాలి ఆడని గదిలో, తలుపు తాళం వేసిన ర్యాక్‌లో, మే నెల మధ్యాహ్నాలు మాత్రమే మొరాయించే స్విచ్‌లు మన ప్రాంతంలో అరుదు కాదు.

ఇక లాగ్:

షో లాగింగ్

ప్రతి సందేశంలోనూ హైఫన్ల మధ్య ఒక అంకె ఉంటుంది. 'లింక్-3-అప్‌డౌన్'లో 3 లాగా. అది తీవ్రత. 0 అత్యంత తీవ్రం, 7 డీబగ్ స్థాయి. అంకె చిన్నదయ్యేకొద్దీ విషయం పెద్దది. లాగ్ పొడవుగా ఉంటే నిలువు గీత పెట్టి 'ఇన్‌క్లూడ్' చేర్చి కావలసిన పదాన్ని ఏరుకోవచ్చు. ఈ వడపోత పెద్దక్షరాలు, చిన్నక్షరాలను వేరుగా చూస్తుందని గుర్తుంచుకోండి. ఏమీ రాలేదంటే సందేశం లేదని అనుకోకుండా, అక్షరాలు సరిగ్గా కొట్టారా అని చూసుకోండి.

బఫర్ చిన్నదైతే పాత సందేశాలు తోసుకుపోతాయి. 'లాగింగ్ బఫర్డ్ 64000' అని పెంచండి. అంతకన్నా మంచి పని 'లాగింగ్ హోస్ట్'తో సందేశాలను ఒక సిస్‌లాగ్ సర్వర్‌కు (లాగ్‌లను దాచే వేరే కంప్యూటర్‌కు) పంపడం. అప్పుడు ఎవరైనా ప్లగ్గు పీకినా ఆధారం మిగులుతుంది.

పోర్టు దగ్గర

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. ముందు మొత్తం స్విచ్‌ను ఒక్క చూపులో చూడండి:

షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్

'కనెక్టెడ్' అంటే లింకు ఉంది. 'నాట్‌కనెక్ట్' అంటే అవతల ఏదీ లేదు, లేదా కేబుల్ పోయింది. 'డిజేబుల్డ్' అంటే ఎవరో మనిషి మూశాడు. 'ఎర్-డిజేబుల్డ్' అంటే స్విచ్ తానే మూసింది. ఈ చివరి రెంటికీ ఉన్న తేడా తెలియక, స్విచ్ కారణం ఉండి మూసిన పోర్టును మళ్లీ మళ్లీ తెరుస్తూ కూర్చునేవాళ్లున్నారు. డ్యూప్లెక్స్ (ఫుల్ అంటే పంపడం, అందుకోవడం ఒకేసారి; హాఫ్ అంటే ఒకసారికి ఒకటే), స్పీడు గడులూ చూడండి. 'ఎ-ఫుల్', 'ఎ-1000' అంటే రెండు వైపులా మాట్లాడుకుని కుదుర్చుకున్నవి. గిగాబిట్ పోర్టులో 'ఎ-100' కనిపిస్తే కేబుల్‌లోని నాలుగు జతల్లో ఒకటి తెగిందేమోనని అనుమానించాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి.

'ఎ-హాఫ్' కనిపిస్తే మాత్రం అక్కడే ఆగండి. అవతలివైపు ఎవరో 100, ఫుల్ అని బలవంతంగా పెట్టి ఉంటారు. అలా పెట్టినప్పుడు ఆ వైపు సంప్రదింపులు ఆగిపోతాయి. ఆటోలో ఉన్న మన పోర్టు వేగాన్ని కనిపెట్టగలదు గానీ డ్యూప్లెక్స్‌ను కనిపెట్టలేక హాఫ్‌కు దిగుతుంది. లింకు దీపం పచ్చగానే ఉంటుంది, పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తోందా అని చూసే చిన్న పరీక్ష) వెళుతుంది, ఫైలు కాపీ మాత్రం నత్తనడక నడుస్తుంది. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (డేటా ఆలస్యంగా ఢీకొనడం), ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయిన డేటా) పెరుగుతుంటే ఈ జబ్బేనని ఖాయం చేసుకోవచ్చు. మందు కూడా సులువే: రెండు వైపులా ఆటో, లేదా రెండు వైపులా ఒకే విలువ. నా మటుకు నేను ఆటోనే పెడతాను.

ఇప్పుడు ఒక్క పోర్టులోకి దిగండి (జీఐ1/0/12 అంటే ఒకటో స్విచ్‌లోని 12వ గిగాబిట్ పోర్టు):

షో ఇంటర్‌ఫేసెస్ జీఐ1/0/12

ఈ అవుట్‌పుట్ చూసి కొత్తవాళ్లు బెదిరిపోతారు. నిజానికి చూడాల్సినవి కొన్నే. 'సీఆర్‌సీ' అంటే దారిలో చెడిపోయిన ఫ్రేములు (డేటా ముక్కలు). కేబుల్, కనెక్టర్, ఎస్‌ఎఫ్‌పీ (పోర్టులో దూర్చే మాడ్యూల్), డ్యూప్లెక్స్ తేడా దీనికి మామూలు కారణాలు. 'టోటల్ అవుట్‌పుట్ డ్రాప్స్' అంటే ఆ పోర్టు నుంచి బయటకు వెళ్లలేక పారేసినవి. 10 గిగాబిట్ల అప్‌లింక్ (ఇంకో స్విచ్‌కు వెళ్లే లింకు) నుంచి వచ్చే వరద 1 గిగాబిట్ పోర్టులోకి దూరాలంటే జరిగేది ఇదే. ఇక్కడ కేబుల్ మార్చి లాభం లేదు.

అంకె పెద్దదిగా ఉన్నంత మాత్రాన భయపడకండి. ఆ 4,000 సీఆర్‌సీలు నిన్నటివా, రెండేళ్ల కిందటివా? 'లాస్ట్ క్లియరింగ్' అన్న వరుస చూస్తే లెక్క ఎప్పటి నుంచి మొదలైందో తెలుస్తుంది. మొదటి అవుట్‌పుట్ భద్రపరిచి, 'క్లియర్ కౌంటర్స్ జీఐ1/0/12' కొట్టి, పది నిమిషాల తరువాత మళ్లీ చూడండి. పెరుగుతున్న అంకె ఒక్కటే సాక్ష్యం. అన్ని పోర్టులనూ ఒకే పట్టికలో చూడాలంటే 'షో ఇంటర్‌ఫేసెస్ కౌంటర్స్ ఎర్రర్స్'. ట్రాఫిక్ వేగం మామూలుగా 5 నిమిషాల సగటు కాబట్టి గబుక్కున వచ్చిపోయే రద్దీ అందులో కనబడదు. పోర్టు కింద 'లోడ్-ఇంటర్వెల్ 30' పెడితే 30 సెకన్ల సగటు వస్తుంది.

కేబుల్ మీదే అనుమానం ఉంటే, సీలింగ్ విప్పకముందే స్విచ్ చేత కొలిపించవచ్చు:

టెస్ట్ కేబుల్-డయాగ్నస్టిక్స్ టీడీఆర్ ఇంటర్‌ఫేస్ జీఐ1/0/12
షో కేబుల్-డయాగ్నస్టిక్స్ టీడీఆర్ ఇంటర్‌ఫేస్ జీఐ1/0/12

రెండు కమాండ్లకూ మధ్య కొన్ని సెకన్లు ఆగండి. ఏ జత తెగింది, ఏ జత షార్ట్ అయింది, సుమారు ఎన్ని మీటర్ల దూరంలో అన్నది చూపిస్తుంది. 3 మీటర్లంటే ర్యాక్‌లోని ప్యాచ్ కార్డు, 40 మీటర్లంటే ఎలుకలో, వడ్రంగి మేకో. ఇది గిగాబిట్ కాపర్ పోర్టులకే పనిచేస్తుంది. పరీక్ష జరిగేటప్పుడు లింకు తెగుతుంది కాబట్టి పనివేళల్లో సర్వర్ పోర్టు మీద ప్రయోగించకండి.

ఫైబర్ అయితే 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్సీవర్ డీటెయిల్'. అందుకుంటున్న కాంతి శక్తిని డీబీఎంలలో, పక్కనే ఆ మాడ్యూల్‌కు తగిన హద్దులతో చూపిస్తుంది. −40 దగ్గర ఉంటే వెలుతురే రానట్టు. హద్దుకు కాస్త దిగువన ఉంటే ముందుగా కనెక్టర్‌ను శుభ్రం చేయండి.

స్విచ్ తానే మూసిన పోర్టు

'షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ ఎర్-డిజేబుల్డ్' కొడితే మూసిన కారణం పేరుతో సహా వస్తుంది. 'బీపీడీయూగార్డ్' ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరో బల్ల కింద చిన్న స్విచ్ పెట్టి, దాని రెండు పోర్టులను ఒకే కేబుల్‌తో కలిపేస్తే మన స్విచ్ పంపిన బీపీడీయూ (కేబుళ్ల వలయాన్ని, అంటే లూప్‌ను, పసిగట్టడానికి స్విచ్‌లు పంపుకునే సందేశం) మనకే తిరిగివస్తుంది. పోర్టు వెంటనే మూసుకుంటుంది. అది లోపం కాదు, ఆఫీసు మొత్తాన్ని కాపాడిన పని. 'పీసెక్యూర్-వయొలేషన్' అంటే అనుమతి లేని మ్యాక్ అడ్రస్ వచ్చింది. 'లింక్-ఫ్లాప్' అంటే లింకు పదే పదే పడి లేచింది.

కారణం తొలగించాక పోర్టు కింద 'షట్‌డౌన్', ఆ తరువాత 'నో షట్‌డౌన్'. 'ఎర్‌డిజేబుల్ రికవరీ కాజ్ బీపీడీయూగార్డ్' పెడితే స్విచ్ 300 సెకన్లకోసారి తానే తెరిచి చూస్తుంది. మనిషి వెళ్లలేని దూరపు బ్రాంచికి ఇది బాగుంటుంది. మీరున్న భవనంలో అయితే వద్దంటాను. మూసిన పోర్టు గురించి ఫిర్యాదు రావడమే మంచిది, లేకపోతే బల్ల కింది స్విచ్ సంగతి ఎవరికీ తెలియదు.

ఒక యంత్రం ఏ పోర్టులో ఉంది?

ఒక ఐపీ అడ్రస్ నుంచి చెడు ట్రాఫిక్ వస్తోందని తెలిసింది. అది ఎక్కడుందో పట్టుకోవాలి. గేట్‌వే స్విచ్‌లో (ఆ నెట్‌వర్క్ నుంచి బయటకు దారి ఇచ్చేది) ముందు ఆ ఐపీకి పింగ్ చేయండి, ఆ తరువాత 'షో ఐపీ ఏఆర్‌పీ'తో దాని మ్యాక్ అడ్రస్ తీసుకోండి. పింగ్ ముందెందుకంటే, మ్యాక్ పట్టికలో (ఏ మ్యాక్ ఏ పోర్టులో ఉందో స్విచ్ రాసుకునే జాబితా) ఉన్న నమోదు 300 సెకన్లపాటు మాట లేకపోతే తొలగిపోతుంది. మూలనున్న ప్రింటర్లు గంటల తరబడి మౌనంగా ఉంటాయి.

షో మ్యాక్ అడ్రస్-టేబుల్ అడ్రస్ 0011.2233.4455

విండోస్ మ్యాక్ అడ్రస్‌ను రెండేసి అక్షరాలుగా హైఫన్లతో చూపిస్తుంది, సిస్కో నాలుగేసి అక్షరాలుగా చుక్కలతో అడుగుతుంది. జవాబుగా వచ్చిన పోర్టులో ఒకే మ్యాక్ ఉంటే దొరికినట్టే. పదుల సంఖ్యలో ఉంటే అది వేరే స్విచ్‌కు వెళ్లే దారి. 'షో సీడీపీ నైబర్స్ డీటెయిల్' కొడితే అవతలి స్విచ్ పేరు, ఐపీ వస్తాయి. అక్కడికి వెళ్లి మళ్లీ ఇదే పని. అవతల సిస్కో కాని స్విచ్ ఉంటే సిస్కో సొంత సీడీపీ బదులు అన్ని కంపెనీలకూ పనిచేసే ఎల్‌ఎల్‌డీపీ వాడాలి. ఐఓఎస్‌లో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, 'ఎల్‌ఎల్‌డీపీ రన్' కొట్టాలి.

వీల్యాన్, ట్రంక్

వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌లో వేరుచేసిన చిన్న నెట్‌వర్క్, ట్రంక్ అంటే అనేక వీల్యాన్‌లను మోసే లింకు. యంత్రానికి లింకు ఉంది, ఐపీ రావడం లేదు. 'షో వీల్యాన్ బ్రీఫ్'లో పోర్టు సరైన వీల్యాన్‌లో ఉందా చూడండి, తరువాత 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్'లో ఆ వీల్యాన్ అప్‌లింక్ మీద వెళుతోందా చూడండి. ఈ రెండో కమాండు నాలుగు జాబితాలిస్తుంది. అసలైనది చివరిది: అనుమతి ఉండి, వీల్యాన్ తయారై ఉండి, స్పానింగ్ ట్రీ (లూప్ రాకుండా కొన్ని దారులు మూసే ఏర్పాటు) ఆపకుండా నిజంగా ప్రవహిస్తున్నవి.

ట్రంక్‌కు కొత్త వీల్యాన్ చేర్చేటప్పుడు ఒక్క పదం దగ్గర ప్రాణం పోతుంది:

స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 30

'యాడ్' మరిచిపోతే 30 చేరదు, పాత జాబితా మొత్తం పోయి 30 ఒక్కటే మిగులుతుంది. మీరు ఏ వీల్యాన్ ద్వారా స్విచ్‌లోకి వచ్చారో అదీ అందులో కొట్టుకుపోతుంది. ఇటువంటి పనులకు ముందు 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి. సేవ్ చేయాలా అని స్విచ్ అడిగితే వద్దని చెప్పండి. మార్పు తరువాత కూడా లోపలే ఉంటే 'రీలోడ్ క్యాన్సిల్'. బయట పడిపోతే పది నిమిషాల్లో స్విచ్ పాత కాన్ఫిగరేషన్‌తో తిరిగి లేస్తుంది. రీస్టార్ట్‌ను నేను సమర్థించే చోటు ఇదొక్కటే.

లూప్, స్పానింగ్ ట్రీ

స్విచ్ మీది దీపాలన్నీ ఒకేసారి పిచ్చిగా మిణుకుమంటుంటే, ఎస్‌ఎస్‌హెచ్ అక్షరం అక్షరం ఆగి వస్తుంటే లూప్ ఏర్పడిందని అనుమానించండి. లాగ్‌లో 'మ్యాక్‌ఫ్లాప్' సందేశం ఉంటుంది: ఒకే మ్యాక్ రెండు పోర్టుల మధ్య గెంతుతోందని, ఆ పోర్టుల పేర్లతో సహా. ఆ రెంటిలో అప్‌లింక్ కానిదాన్ని మూయండి. వైర్‌లెస్ యాక్సెస్ పాయింట్ల మధ్య ఫోన్లు తిరిగినా ఇదే సందేశం అప్పుడప్పుడు వస్తుంది. సెకనుకు ఎన్నో మ్యాక్‌లు గెంతుతుంటేనే లూప్.

లూప్ లేకుండానే నెట్‌వర్క్ అప్పుడప్పుడు తడబడుతుంటే ఈ కమాండు చాలా విలువైనది:

షో స్పానింగ్-ట్రీ డీటెయిల్ | ఇన్‌క్లూడ్ ఫ్రమ్|అకర్|ఈజ్ ఎగ్జెక్

ఇందులో 'అకర్' కోసం ఇంగ్లిష్ పదంలోని మొదటి ఆరక్షరాలు, రెండు ఆర్‌లతో కలిపి కొట్టాలి. ప్రతి వీల్యాన్‌లో టోపాలజీ (స్విచ్‌ల మధ్య దారుల అమరిక) ఎన్నిసార్లు మారింది, చివరిసారి ఎప్పుడు, ఏ పోర్టు నుంచి అన్నది బయటపడుతుంది. ఆ పోర్టు వెంట సీడీపీ పట్టుకుని స్విచ్ నుంచి స్విచ్‌కు వెళితే చివరకు ఒక మామూలు కంప్యూటర్ దగ్గర తేలడం తరచూ జరుగుతుంది. పోర్ట్‌ఫాస్ట్ (యూజర్ పోర్టును వెంటనే తెరిచే సెట్టింగ్) లేని పోర్టులో కంప్యూటర్ ఆన్, ఆఫ్ అయినప్పుడల్లా అది టోపాలజీ మార్పుగా లెక్కకు వస్తుంది. స్విచ్‌లు నేర్చుకున్న మ్యాక్‌లను త్వరగా మరిచిపోయి ట్రాఫిక్‌ను అన్ని పోర్టులకూ వెదజల్లుతాయి. యూజర్ పోర్టులకు 'స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్', దానితో పాటే బీపీడీయూ గార్డ్ పెట్టండి.

'షో స్పానింగ్-ట్రీ రూట్' కూడా ఒకసారి చూడండి. ఎవరూ ఏమీ పెట్టకపోతే అన్నిటి ప్రయారిటీ 32768, అప్పుడు చిన్న మ్యాక్ అడ్రస్ ఉన్నది రూట్ (స్పానింగ్ ట్రీకి కేంద్రమైన స్విచ్) అవుతుంది. చాలాసార్లు అది ఆ భవనంలో అన్నిటికన్నా పాత స్విచ్. నడిబొడ్డున ఉండాల్సిన రూట్ గేటు దగ్గరి సెక్యూరిటీ గదిలో దొరికితే ఆశ్చర్యపోకండి. కోర్ స్విచ్‌లో ప్రయారిటీని 4096కు తగ్గిస్తే సరి. రూట్ మారేటప్పుడు కాసేపు ట్రాఫిక్ ఆగవచ్చు కాబట్టి పనివేళలు దాటాక చేయండి.

కరెంటు, సీపీయూ

నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే స్విచ్ నుంచి కరెంటు తీసుకునే కెమెరాలు, ఐపీ ఫోన్లు వెలగకపోతే 'షో పవర్ ఇన్‌లైన్'. పైనే మొత్తం ఎన్ని వాట్లు, ఎంత వాడారు, ఎంత మిగిలింది అని ఉంటుంది. ఈ కరెంటుకు ఉన్న ప్రమాణాల్లో 802.3ఏఎఫ్ పోర్టుకు 15.4 వాట్లు, 802.3ఏటీ 30 వాట్లు ఇస్తాయి. 'పవర్-డెనై' అంటే బడ్జెట్ అయిపోయింది. వేలాడిన కెమెరాను నిచ్చెన ఎక్కకుండా లేపాలంటే పోర్టు కింద 'పవర్ ఇన్‌లైన్ నెవర్', కాసేపాగి 'పవర్ ఇన్‌లైన్ ఆటో'.

సీపీయూకు 'షో ప్రాసెసెస్ సీపీయూ సార్టెడ్'. మొదటి వరుసలో 90%/60% వంటి జంట ఉంటే, రెండో అంకె ఇంటరప్ట్‌లది, అంటే నేరుగా సీపీయూకు చేరుతున్న ప్యాకెట్లది. అది ఎక్కువగా ఉంటే ఏ ప్రాసెస్‌నో తప్పుపట్టకుండా, సీపీయూ దాకా వస్తున్న ట్రాఫిక్ ఎక్కడిదో వెతకండి. 'షో ప్రాసెసెస్ సీపీయూ హిస్టరీ' గడిచిన 72 గంటలను గ్రాఫ్‌గా గీసి చూపిస్తుంది.

డీబగ్

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. స్విచ్ గుండా వెళ్లే ట్రాఫిక్‌ను హార్డ్‌వేర్ చిప్‌లే దాటిస్తాయి, సీపీయూకు అది కనబడదు. కాబట్టి 'డీబగ్ ఐపీ ప్యాకెట్' పెట్టి ఇద్దరు యూజర్ల మధ్య ట్రాఫిక్ చూద్దామంటే కనిపించదు. డీబగ్ అనేది సీపీయూ నడిపే వాటికి: స్పానింగ్ ట్రీ, రేడియస్ లాగిన్ (సర్వర్ ద్వారా యూజర్లను గుర్తించడం), డీహెచ్‌సీపీ స్నూపింగ్ (ఐపీ అడ్రసులిచ్చే సందేశాలకు కాపలా) వంటివి.

పెట్టే ముందు జాగ్రత్తలు. కన్సోల్ వేగం 9600 బిట్లు అంటే సెకనుకు సుమారు 960 అక్షరాలే. డీబగ్ సందేశాలు వేల వరుసలు కన్సోల్‌కు ఎక్కితే స్విచ్ వాటిని అచ్చు వేస్తూ ఉండిపోతుంది, మీ కమాండు వినదు. అందుకని కాన్ఫిగరేషన్‌లో ముందు ఇవి:

నో లాగింగ్ కన్సోల్
లాగింగ్ బఫర్డ్ 64000 డీబగింగ్
సర్వీస్ టైమ్‌స్టాంప్స్ డీబగ్ డేట్‌టైమ్ ఎంసెక్

బయటకు వచ్చి 'అన్‌డీబగ్ ఆల్' ఒకసారి ముందే కొట్టి ఉంచండి. అవసరం పడితే పై బాణం మీటతో వెంటనే అందుతుంది. ఇప్పుడు సమస్యకు సరిపడే సన్నని డీబగ్, ఉదాహరణకు 'డీబగ్ స్పానింగ్-ట్రీ ఈవెంట్స్' లేదా 'డీబగ్ రేడియస్', పెట్టి సమస్యను ఒకసారి జరగనిచ్చి, 'అన్‌డీబగ్ ఆల్' కొట్టి, తీరిగ్గా 'షో లాగింగ్'లో చదువుకోండి. ఏదైనా ఇంకా నడుస్తోందా అన్నది 'షో డీబగింగ్' చెబుతుంది. 'డీబగ్ ఆల్' అన్న కమాండు ఒకటుంది. నడుస్తున్న నెట్‌వర్క్‌లో దాని జోలికి పోవద్దు.

యూజర్ల ట్రాఫిక్‌నే చూడాలంటే దారి వేరు. ఆ పోర్టుకు నకలు తీసి, వైర్‌షార్క్ (ప్యాకెట్లను విప్పి చూపే ప్రోగ్రామ్) ఉన్న ల్యాప్‌టాప్‌కు ఇవ్వాలి:

మానిటర్ సెషన్ 1 సోర్స్ ఇంటర్‌ఫేస్ జీఐ1/0/12 బోత్
మానిటర్ సెషన్ 1 డెస్టినేషన్ ఇంటర్‌ఫేస్ జీఐ1/0/24

రెండో పోర్టు ఆ సమయంలో మామూలు పోర్టుగా పనిచేయదు. పని కాగానే 'నో మానిటర్ సెషన్ 1' కొట్టండి, లేకపోతే ఇంకో రోజు ఎవరో అక్కడ కంప్యూటర్ తగిలించి నెట్ లేదని ఫోను చేస్తారు.

సేవ్, బ్యాకప్, సాక్ష్యం

మార్పులు నిలవాలంటే 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' (రన్నింగ్ అంటే ఇప్పుడు నడుస్తున్నది, స్టార్టప్ అంటే స్విచ్ లేచేటప్పుడు చదివేది). ఇంతకుముందు ఎవరైనా మార్చి సేవ్ చేయకుండా వదిలేశారా అన్నది తెలుసుకోవాలంటే:

షో ఆర్కైవ్ కాన్ఫిగ్ డిఫరెన్సెస్ ఎన్‌వీర్యామ్:స్టార్టప్-కాన్ఫిగ్ సిస్టమ్:రన్నింగ్-కాన్ఫిగ్

కూడిక గుర్తుతో వచ్చే వరుసలు రన్నింగ్‌లో ఉండి స్టార్టప్‌లో లేనివి. కరెంటు పోతే పోయేవి అవే. కాన్ఫిగరేషన్ నకలును స్విచ్ బయట కూడా, టీఎఫ్‌టీపీ లేదా ఎస్‌సీపీ సర్వర్‌లో పెట్టుకోండి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు 'షో ఫ్లాష్:'తో ఖాళీ చూసి, ఫైలు చేరాక 'వెరిఫై /ఎండీ5' ఇచ్చిన విలువను డౌన్‌లోడ్ పేజీలోని విలువతో పోల్చాకే ముందుకు వెళ్లండి.

ఇవన్నీ చూశాక కూడా తేలలేదు, పైనుంచి ఒత్తిడి పెరిగింది, రీస్టార్ట్ తప్పడం లేదు అనుకుందాం. అయినా ముందు ఇది:

షో టెక్-సపోర్ట్ | రీడైరెక్ట్ ఫ్లాష్:టెక్.టీఎక్స్‌టీ

కొన్ని నిమిషాలు పడుతుంది, కాస్త ఓపిక పట్టాలి. ఫ్లాష్‌లోని ఫైలు రీస్టార్ట్ తరువాత కూడా ఉంటుంది. దాన్ని వేరేచోటికి కాపీ చేసి, అందులో మీ ఐపీ అడ్రసులు, పోర్టులకు పెట్టిన పేర్లు అలాగే ఉంటాయి కాబట్టి ఒకసారి చూసుకుని, అప్పుడు సపోర్ట్ కేసుకు జతచేయండి.